శివలీల అన్నం ముట్టిన ఏడాది

జహీరాబాద్,
12 జనవరి 1979.

చిరంజీవి బస్వమ్మకు,

నన్ను నువ్వు చూడలేదు. నా పేరు రాహేలు. ఇక్కడ గంజ్ మార్కెట్ వెనుక మహిళా మండలి వాళ్లు నడిపే శిశువిహార్‌లో టీచర్‌ను. నువ్వు హైదరాబాదు దవాఖానకు పోయిన తర్వాత మీ అత్త బీరమ్మ నీ బిడ్డను రోజూ పొద్దున్నే మా దగ్గర దించి, గంజ్‌లో పప్పులు చెరిగే పనికి పోతోంది. సాయంత్రం వచ్చి ఎత్తుకుపోతుంది. మీ ఆయన చంద్రప్ప లారీ మీద బొంబాయి దారిలోనే ఉంటాడు కదా, కనబడడం తక్కువ. మొన్న కనబడితే నీ చిరునామా తీసుకున్నాను. నీకు చదవడం రాయడం వచ్చని కూడా ఆయనే చెప్పాడు.

శివలీల బాగుంది. ఆసరా లేకుండా కూర్చోవాలని చూసి పక్కకు ఒరిగిపోతుంది. ఒరిగినందుకు మనమే ఏదో చేసినట్టు మన వైపు చూస్తుంది.

ఇప్పుడు దానికి ఆరో నెల నిండింది. బర్రెపాలలో నీళ్లు కలిపి పడుతున్నాం. అవి చాలడం లేదు. ఉగ్గు మొదలుపెట్టాలి. మీ అత్తను అడిగితే, "కోడలు మొక్కుకున్నది. ఆమె చేత్తోనే ముట్టియ్యాలె. నేను ముట్టియ్య, మీరూ ముట్టియ్యొద్దు" అన్నది. అందుకే నిన్ను అడుగుతున్నాను. నువ్వు సరే అంటే చాలు.

ఇట్లు,
రాహేలు.

*

హైదరాబాద్, టి.బి. దవాఖాన,
24 జనవరి 1979.

టీచరమ్మ గారికి శరణు.

మీ ఉత్తరం వచ్చింది. నేను ఇక్కడికి వచ్చాక నాకు వచ్చిన మొదటి ఉత్తరం ఇదే. చదివి మడిచి, మళ్లీ విప్పి చదివాను. ఒరిగిపోతుందని రాశారు చూడండి, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగాను. నేను వదిలి వచ్చినప్పుడు దానికి మెడ కూడా నిలవలేదు.

టీచరమ్మా, కోపం చేసుకోకండి. ఉగ్గు ఇప్పుడే పెట్టకండి. రొమ్ముపాలు ఇవ్వొద్దన్నారు, ఒప్పుకున్నాను. ఇక్కడికి వచ్చిన మొదట్లో పాలు ఆగకపోతే సిస్టరమ్మ మల్లెపూలు తెప్పించి రొమ్ములకు కట్టింది. ఆ పూలు వాడేసరికి పాలు ఇంకిపోయాయి. బిడ్డను ఎత్తుకోవద్దన్నారు, దానికీ ఒప్పుకున్నాను. నాకు మిగిలింది ఈ ఒక్కటే. ఝరాసంగం గుడి ముందు ఒళ్లో కూర్చోబెట్టుకుని నా చేత్తో పాయసం నాకిస్తానని మొక్కుకున్నాను.

శివరాత్రికల్లా ఇంటికి పంపుతానని డాక్టరు అన్నాడు. అంతవరకు పాలే పట్టండి. మీకు దండం పెడతాను.

బస్వమ్మ.

*

జహీరాబాద్,
2 మార్చి 1979.

బస్వమ్మకు,

శివరాత్రి పోయింది. నువ్వు రాలేదు, ఉత్తరమూ రాలేదు. ఏమైందోనని రోజూ పోస్టుమన్ కోసం చూస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే ఆగాను. కానీ చూసింది చూసినట్టు రాయాలి. లీల రెక్కలు సన్నబడ్డాయి. వేసుకున్న చొక్కా వదులైంది. దాని ఈడు పిల్లలు ముగ్గురున్నారు ఇక్కడ. వాళ్లకు ఉగ్గు పెట్టే వేళకు లీలను అవతలి గదిలోకి తీసుకుపొమ్మంటాను, వాసన తగలకుండా. మొన్న ఆయా ఏమరింది. లీల పొట్ట మీద పాక్కుంటూ వచ్చి, పక్కపిల్ల గడ్డం మీద కారిన ఉగ్గును వేలితో ముట్టుకుంది. ఆ వేలు నోట్లో పెట్టుకోబోతుంటే నేను పట్టుకుని కొంగుతో తుడిచాను.

తుడిచింది నేనే, బస్వమ్మా. ఆ తర్వాత అది ఏడవలేదు. వేలు చూసుకుంటూ కూర్చుంది. అది ఏడ్చినా బాగుండేది.

రాహేలు.

*

హైదరాబాద్,
11 మార్చి 1979.

టీచరమ్మ గారికి,

ఊపిరితిత్తుల ఫొటో మళ్లీ తీశారు. కుడిపక్క మచ్చ తగ్గింది, ఎడమపక్క కొత్తది వచ్చింది. "ఇప్పట్లో పంపలేను, ఏడాది అనుకో" అన్నాడు డాక్టరు. ఇది ఎట్లా రాయాలో తెలియక రాయలేదు.

మొక్కు దేవునిది. ఆకలి బిడ్డది. దేవుడు ఆగుతాడు. మీరు ముట్టించండి.

ఒక్కటే అడుగుతాను. మొదటి ముద్ద నోట్లో పడ్డప్పుడు దాని మొఖం ఎట్లా అయిందో ఏమీ దాచకుండా రాయండి. అత్తకు చదివి వినిపించండి, నేనే చెప్పానని.

బస్వమ్మ.

*

జహీరాబాద్,
19 మార్చి 1979.

ప్రియమైన చెల్లెలు బస్వమ్మకు,

ముట్టించాం. అంతా రాస్తున్నాను, విను.

నీ ఉత్తరం బీరమ్మకు చదివి వినిపించాను. మరునాడు ఆమె పని మానేసి తలంటుకుని, ఇంట్లోంచి ఇత్తడి ఉగ్గుగిన్నె తెచ్చింది. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి తిరగలిలో విసిరాను. పాలకన్నా కొంచెం చిక్కగా కాచి, నెయ్యి చుక్క వేశాను. లీలను మీ అత్త ఒళ్లో కూర్చోబెట్టాను. గిన్నె కూడా ఆమె చేతికే ఇచ్చాను. ఆమె చెంచా ఎత్తి మళ్లీ దించేసింది.

"నాతోని అయితలేదు. నువ్వే పెట్టు" అన్నది.

"నేనా? మీ వాడలో ఏమన్నా అంటారేమో, బీరమ్మా. నేను క్రైస్తవుల దాన్ని" అన్నాను.

"అననీ. ఎవరి చేతిదైతేంది, పిల్ల బతకాలె" అన్నది.

నేను పెట్టాను. చింతకాయ కొరికినట్టు లీల ఒళ్లంతా జలదరించింది. రెండు కనుబొమలూ దగ్గరికి వచ్చాయి. నాలుకతో మొత్తం బయటకు నెట్టేసింది. ఇన్నాళ్లూ నమ్మితే ఇదా నువ్వు చేసిందన్నట్టు నా మొఖం చూసింది. మీ అత్త నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. గడ్డం మీద కారినది తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ నెట్టింది, ఈసారి కొంచెమే. తర్వాత పెదవులు చప్పరించి ఆలోచించింది. ఆ తర్వాత నా వేలు రెండు చేతులతో పట్టుకుని, చెంచాతో సహా నోటికి లాక్కుంది. గిన్నె అయిపోయినా వదలలేదు.

మీ అత్త మొఖం అటు తిప్పుకుని, "కోడలు చూడాల్సిన ముచ్చట మనం చూస్తున్నం" అన్నది.

ఇదీ జరిగింది. ఏమీ దాచలేదు.

రాహేలు.

*

హైదరాబాద్,
2 ఏప్రిల్ 1979.

రాహేలక్కకు శరణు.

నన్ను చెల్లెలని రాశారు కాబట్టి అక్క అంటున్నాను.

మీ ఉత్తరం వార్డంతా చదివి వినిపించాను. చింతకాయ మాట దగ్గర అందరూ నవ్వారు. నవ్వితే దగ్గు వస్తుంది, దగ్గితే సిస్టరమ్మ కోప్పడుతుంది. అయినా మళ్లీ చదవమన్నారు. పక్కమంచం ఎల్లమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఆమెకు ఊళ్లో కొడుకున్నాడు. వాడికి జ్వరమని ఎవరో చెబితే పోయిన నెల చెప్పకుండా వెళ్లిపోయింది. సూదులు, మందులు అన్నీ మధ్యలో ఆగిపోయాయి. పది రోజులకే మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. ఇప్పుడు లేచి కూర్చోలేదు. అప్పటికే వాడికి జ్వరం తగ్గిపోయిందట.

మా ఆయన ఈమధ్య రావడం లేదు. లారీ ఎటు పోతుందో. ఆదివారాలు అందరి మంచాల దగ్గరా ఎవరో ఒకరుంటారు. నేను కిటికీలోంచి మైదానం చూస్తాను. అక్కా, మీకు పిల్లలెందరు? మీరెప్పుడూ రాయలేదు.

బస్వమ్మ.

*

జహీరాబాద్,
10 జూన్ 1979.

చెల్లెలు బస్వమ్మకు,

జవాబు ఆలస్యమైంది. ఎండలకు పిల్లలకు చెమటకాయలు, మాకు పని.

లీల ఇప్పుడు చాలా తింటుంది. ఆలుగడ్డ ఉడికించి మెత్తగా మెదిపి పెడితే కళ్లు మూసుకుని తింటుంది. అరటిపండంటే ప్రాణం. తైదపిండి అంబలి తాగుతుంది. పాలకూర వేసిన పప్పు మాత్రం పెట్టినప్పుడల్లా ఉమ్మేస్తుంది. ఆకు ముక్క ఎంత చిన్నదైనా నాలుకతో వెతికి బయటపెడుతుంది. కొత్తది ఏది పెట్టినా ఒక్కదాన్నే కొన్నాళ్లు పెట్టి, పడిందా లేదా చూసి తర్వాత ఇంకొకటి మొదలుపెడతాను. రెక్కలు మళ్లీ నిండాయి. చేతి మణికట్టు దగ్గర మడత పడింది. పైన, కింద నాలుగు పళ్లు. నా వేలు కొరికి నవ్వుతుంది.

ఆదివారాలు శిశువిహార్ మూసి ఉంటుంది. నేను ఉండేది దాని వెనక గదిలోనే. మొన్న ఆదివారం అలవాటు కొద్దీ పొద్దున్నే ఉగ్గు కాచేశాను. కాచాక గుర్తొచ్చింది. పారబోయబుద్ధి కాక నేనే తాగాను.

నువ్వు అడిగావు. నాకు ఒక కొడుకు పుట్టాడు. అన్నం ముట్టే వయసుదాకా రాలేదు. మా ఆయన బీదర్‌లో ఉంటాడు, వేరే సంసారం. ఇంక అడగకు.

వేళకు మందు మింగు. సూదికి చెయ్యి వెనక్కి లాక్కోకు.

రాహేలు.

*

జహీరాబాద్,
27 జూలై 1979.

బస్వమ్మకు,

ఇక్కడ అందరం కులాసా. వానలు బాగా పడుతున్నాయి. లీల బాగుంది. పని ఎక్కువగా ఉండి పెద్ద ఉత్తరం రాయలేకపోతున్నాను. నీ ఆరోగ్యం జాగ్రత్త.

రాహేలు.

*

హైదరాబాద్,
14 ఆగస్టు 1979.

టీచరమ్మ గారికి,

నిన్న మా ఆయన వచ్చిండు. నోరు జారి చెప్పిండు. నా బిడ్డకు నీళ్ల విరేచనాలయినయంట. కండ్లు గుంటలు పడ్డయంట. దవాఖానల పండబెట్టి సూది గుచ్చి సీసా నీళ్లు ఎక్కిచ్చిన్రంట. పాలు తాగినన్ని దినాలు ఎన్నడన్న గట్లయిందా? మీరు పెట్టిన తిండికే అయింది.

నా బిడ్డ సావుబతుకుల ఉంటే మీరు నాకు "కులాసా" అని రాసిన్రు. దాచకుండా రాయమని నేను అడుక్కున్న. నేను సచ్చినదాన్ననుకున్నరా? మీ బిడ్డ కాదు అది. నా బిడ్డ.

కోపంలో బడిమాటలు వస్తలేవు. గిట్లనే చదువుకోండి.

బస్వమ్మ.

*

జహీరాబాద్,
20 ఆగస్టు 1979.

బస్వమ్మకు,

నీ కోపం న్యాయమే.

జరిగింది చెబుతాను. వానలకు వాడబావిలో కొత్తనీళ్లు కలిశాయి. ఆ వారం పెద్దవాళ్లకూ, పాలు తాగే పిల్లలకూ కూడా విరేచనాలు పట్టుకున్నాయి. మేము ఇక్కడ నీళ్లు మరగబెట్టే ఇస్తాం. ఇంట్లో ఏమయిందో, ఇక్కడే ఎక్కడ ఏమరుపాటు జరిగిందో నాకు తెలియదు. నా తిండి వల్ల కాదని ఒట్టు వేయలేను. పొద్దున్న బీరమ్మ తెచ్చి దించినప్పుడే పిల్ల తల నిలపలేదు. ఎత్తుకుని సర్కారు దవాఖానకు పరుగెత్తాను. డాక్టరమ్మ మంచిది. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పోస్తూ నేనూ మీ అత్తా వంతులవారీగా కూర్చున్నాం. నాలుగోనాడు గంజి తాగింది. ఇప్పుడు నిజంగా కులాసా.

ఎందుకు రాయలేదంటే, ఎల్లమ్మ సంగతి నువ్వే రాశావు. బిడ్డకు ఇట్లా ఉందని చదివితే నువ్వు ఆ మంచం మీద ఉండవు. ఎవరు పట్టుకున్నా ఆగవు.

నీ బిడ్డే. నాకు తెలుసు.

రాహేలు.

*

హైదరాబాద్,
30 అక్టోబరు 1979.

అక్కకు,

చాలాకాలం రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఎల్లమ్మ దసరా ముందు పోయింది. ఆమె కొడుకును తీసుకొచ్చారు. వాడు తల్లిని గుర్తుపట్టక, ఇంకెవరో మంచం దగ్గర నిలబడ్డాడు. మేమే చెయ్యి పట్టుకుని చూపించాం. ఆ రోజు మీ పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. "కులాసా" ఉత్తరం కూడా చదివాను.

తెమడ పరీక్షలో ఇప్పుడేమీ లేదట. డిసెంబరులో పంపుతామన్నారు. మందులు ఇంటి దగ్గర మింగుతూ ఉండాలి. ఎవరికీ అంటదు అని కాగితం రాసిస్తానన్నాడు డాక్టరు.

అక్కా, అది నడుస్తోందా? ఏమేం మాటలు పలుకుతోంది? మీరు ఎన్నడూ రాయలేదు.

మీ చెల్లెలు
బస్వమ్మ.

*

జహీరాబాద్,
18 నవంబరు 1979.

చెల్లెలు బస్వమ్మకు,

నువ్వు వస్తున్నావంటే బీరమ్మ అప్పుడే ఇల్లు అలకడం మొదలుపెట్టింది. లీల నడుస్తోంది. గోడ వదిలి నాలుగడుగులు వేసి కూలబడుతుంది. జొన్నరొట్టె పాలలో నానబెట్టి ఇస్తే తనే తీసుకుని తింటుంది, సగం నేలకు. మాటలంటావా, అందరు పిల్లల్లాగే ఏవో అంటుంది. నువ్వు వచ్చాక నువ్వే విందువు.

రాహేలు.

*

జహీరాబాద్,
28 డిసెంబరు 1979.

అక్కకు శరణు.

ఇంటికి వచ్చాను. మీరు లేరు. నేను వచ్చే ముందు వారమే న్యాల్‌కల్‌కు పోయారట. ఏడాది పొడుగునా ఉత్తరాలు రాసినవారు ఒక్క వారం ఆగలేకపోయారా? మీ మొఖం ఎట్లా ఉంటుందో నాకింకా తెలియదు.

పొద్దున లీలను ఎత్తుకుని శిశువిహార్‌కు పోయాను. గుమ్మంలో దిగి, "అమ్మా" అని పిలిచింది. నన్నే అనుకున్నాను. నేను వంగి చేతులు చాపాను. అది నన్ను చూడడం లేదు. లోపలికి చూస్తోంది. కొత్త టీచరమ్మ వస్తే ఆమె వెనక్కి తొంగి చూసింది. మళ్లీ పిలిచింది. మీరు ఏ మాట రాయలేదో అప్పుడు తెలిసింది.

నా చేతి అన్నం ముట్టడం లేదు అక్కా. అత్త పెడితే నాలుగు ముద్దలు. నేను పెడితే మొఖం తిప్పుకుని ఏడుస్తుంది. ముక్కూ నోరూ కొంగుతో గట్టిగా కట్టుకుని, చెయ్యి బారుగా చాపి, దూరం నుంచే పెడుతున్నాను. డాక్టరు కాగితం ఇచ్చాడు. అయినా నాకు భయం. నా పళ్లెం, చెంబు కూడా వేరే.

దవాఖానలో ఉన్నప్పుడు నా బిడ్డ జహీరాబాదులో ఉందనుకునేదాన్ని. ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం. ఎక్కడుందో తెలుస్తలేదు.

బస్వమ్మ.

*

న్యాల్‌కల్,
6 జనవరి 1980.

చెల్లెలు బస్వమ్మకు,

ఇక్కడ కొత్తగా శిశువిహార్ పెట్టారు. ఎవరో ఒకరు రావాలి. నేనే వస్తానన్నాను. ఎందుకో నువ్వు గ్రహించే ఉంటావు. ఒక పిల్లకు ఇద్దరు గిన్నెలు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, అది అలవాటైన చేతివైపే పోతుంది. నేను అక్కడుంటే నువ్వు ఎప్పటికీ రెండోదానివే. ఆ మాట పలకొద్దని లీలకు ఎన్నోసార్లు చెప్పాను. టీచర్ అనమన్నాను. పిల్లలు మనం చెప్పింది అనరు.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ కొంగు విప్పెయ్యి. పిల్లలు గిన్నెను చూసి నోరు తెరవరు, మనిషిని చూసి తెరుస్తారు. పెట్టేటప్పుడు మనకు తెలియకుండానే మన నోరు తెరుచుకుంటుంది. దాన్ని చూసి వాళ్లూ తెరుస్తారు. నీ మొఖంలో దానికి కళ్లు తప్ప ఏమీ కనబడడం లేదు. భయపడుతోంది. అంటదని డాక్టరు రాసిచ్చాడు. నీకు నీమీదే నమ్మకం లేకపోతే ఆ పసిదానికి ఎక్కడినుంచి వస్తుంది?

బతిమాలకు. వెంటపడకు. దాని ఎదుట కూర్చుని నువ్వు తిను.

రాహేలు.

*

జహీరాబాద్,
3 ఫిబ్రవరి 1980.

అక్కకు శరణు.

మీ ఉత్తరం వచ్చాక కూడా కొంగు విప్పడానికి ధైర్యం చాలలేదు. ఒకనాడు మా ఆయన లారీ దిగి వచ్చి, "మొఖం మీదికెల్లి గా బట్ట దీసెయ్యవే. పిల్ల నిన్ను దొంగ అనుకుంటున్నది" అన్నాడు. నవ్వాడు గానీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వెళ్లి డాక్టరు కాగితం తెచ్చి నాకే చదివి వినిపించాడు, చదువుకున్నదాన్ని నేనైతే.

మరునాడు విప్పాను. లీల నా మొఖం చూసి ఏడవలేదు. దూరంగా కూర్చుని చూసింది. ఎన్నో పూటలు చూసింది. దగ్గరికి రాలేదు. నేను పిలవలేదు. మీరు చెప్పినట్టు దాని ఎదుట తిన్నాను. ఒక్కోపూట ఆకలి లేకపోయినా తిన్నాను.

మొన్న మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు. నేను ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకునేసరికి అది అక్కడ కూర్చునే నోరు తెరిచింది. నేను కదల్లేదు. రెండోసారి మళ్లీ తెరిచింది. లేచి, తడబడుతూ వచ్చి, నా మోకాలు పట్టుకుని నిలబడింది. రొట్టె మెత్తగా పిసికి పెట్టాను. నమిలింది. ఇంకా పెట్టమన్నట్టు నా గడ్డం తట్టింది. పళ్లెంలో నాది ఏదో దానిది ఏదో తెలియలేదు. అత్త గడపలో నిలబడి, "మాట్లాడకు, మాట్లాడకు, పెట్టు" అంటూ ఉంది.

మొక్కు తీర్చుకోవడానికి ఝరాసంగం పోతాం. మీరు రావాలి అక్కా. మీరు లేకుండా పోను.

బస్వమ్మ.

*

న్యాల్‌కల్,
12 ఫిబ్రవరి 1980.

చెల్లెలు బస్వమ్మకు,

చదివి చాలా సంతోషించాను. చదివి వినిపించడానికి ఇక్కడ ఇంకా ఎవరూ పరిచయం కాలేదు. అందుకని నాకు నేనే పైకి చదువుకున్నాను.

మొక్కుకు నేను రాను. నేను వస్తే లీల నా దగ్గరికి ఉరికి వస్తుంది. రాకుండా ఆపడం నా వల్ల కాదు. నన్ను మరిచిపోనీ. పిల్లలు తొందరగానే మరిచిపోతారు. అప్పుడు వస్తాను. మీరు పోయిరండి.

రాహేలు.

*

న్యాల్‌కల్,
9 ఆగస్టు 1980.

చెల్లెలు బస్వమ్మకు,

నిన్న మండలి పనిమీద జహీరాబాద్ వచ్చాను. నీకు ముందుగా రాయలేదు. పని చూసుకుని తిరిగి వద్దామనుకున్నాను.

బస్టాండులో చంద్రప్ప కనబడ్డాడు. పక్కన పచ్చచీర కట్టుకుని సన్నగా, పొడుగ్గా ఒకామె. నువ్వేనని తెలిసింది. చామనఛాయగా, గుండ్రటి మొఖంతో ఉంటావని అనుకునేదాన్ని. అట్లా లేవు. లీల నీ చంకలో కూర్చుని కాల్చిన మక్కకంకి కొరుకుతోంది. జుట్టు పెరిగింది. కాళ్లు నీ నడుము దాటి వేలాడుతున్నాయి.

నేను పిలవలేదు. కానీ అటువైపు పోకుండా ఉండలేకపోయాను. జనంలో మీ పక్కనుంచే వచ్చాను. మీరిద్దరూ బస్సు వేళ గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. లీల తల తిప్పి నన్ను చూసింది. నమలడం ఆపింది. నేను నవ్వాను. అది కాసేపు చూసి, కొత్తవాళ్లను చూసి సిగ్గుపడినట్టు నీ మెడలో మొఖం దాచుకుంది. నువ్వు మాట్లాడుతూనే దాని వీపు నిమిరావు. మళ్లీ తల ఎత్తి కంకి కొరకడం మొదలుపెట్టింది. ఇంక నా వైపు చూడలేదు.

నా బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. కండక్టరు ఎక్కడికని రెండుసార్లు అడిగాక గానీ నాకు వినబడలేదు. ఊరు దాటాక వాన మొదలై, కిటికీలోంచి జల్లు నా మొఖం మీద పడింది. నేను ఏడ్చానో లేదో పక్కావిడకు తెలియదు.

బస్వమ్మా, ఇక నేను రావచ్చు. వచ్చే నెల మొదట్లో వస్తాను. లీల ఎవరని అడిగితే దూరపు చుట్టమని చెప్పు. మీ ఇంట్లో ఏది వండుకుంటే అదే వండు.

రాహేలు.